రాత్రి మైనస్ 15కి దిగే చోట పెట్రోలు కారు: ముందుగా ఏం చూసుకోవాలి?

నాలుగో గేరు:
పెట్రోలు బండి, బ్యాటరీకి నాలుగేళ్లు. షెడ్డు లేదు, ఆరుబయటే ఉంటుంది. రాత్రుళ్లు ఇప్పటికే సున్నాకి వస్తోంది, ఇంకో నెలకి మైనస్ 15. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఈడ్చుకుంటూ తిరుగుతోంది. టైర్ల లైటు వెలుగుతోంది, అద్దాలకు లోపలివైపు ఆవిరి పట్టేస్తోంది. ఇంజిన్ ఆయిల్ 10డబ్ల్యూ-40. రేడియేటర్లో ఉన్న కూలెంట్ ఎప్పటిదో తెలీదు. అంతా తీసేసి, నీళ్లు కలపకుండా చిక్కటి కూలెంటే నిండా పోస్తే గడ్డకట్టే భయం ఉండదు కదా? రోజూ ఓ పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచాలా?

మల్టీమీటర్:
ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోండి. రాత్రంతా బండి కదపకుండా ఉంచి, పొద్దున బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగమే. తర్వాత ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీరు మీటరు చూడండి. నిండు బ్యాటరీ అయితే 9.6 కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తూ హెడ్‌లైట్లు వేసి ఉన్నప్పుడు 13.8 నుంచి 14.7 మధ్య రావాలి. రాకపోతే, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌నో దాని బెల్టునో అనుమానించాలి.

మైనస్ 18 దగ్గర బ్యాటరీ బలం దాదాపు సగానికి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆయిల్ చిక్కబడి ఇంజిన్ ఎక్కువ బలం అడుగుతుంది. సున్నా దగ్గరే ఈడుస్తున్నది మైనస్ 15కి చేతులెత్తేస్తుంది. ఇంకో ప్రమాదం: ఛార్జి పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో యాసిడ్ పలచబడి దాదాపు నీళ్లే మిగులుతాయి, అది గడ్డకట్టేస్తుంది. పక్కలు ఉబ్బి కనిపిస్తే ఛార్జర్ పెట్టొద్దు, వేరే బండి నుంచి జంప్ కూడా ఇవ్వొద్దు. పేలొచ్చు.

డిప్‌స్టిక్:
చిక్కటి కూలెంట్ ఆలోచన మానేయండి. కూలెంట్‌లో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు కలపకపోతే అది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. సగం సగం కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది. వినడానికి వింతగా ఉన్నా అంతే. పైగా వేడిని బాగా మోసుకెళ్లేది నీళ్లే. అవి లేకపోతే ఎండాకాలం ఇబ్బంది పెడుతుంది.

అసలు మార్చాలో లేదో కూలెంట్ ఎంత చలికి ఆగుతుందో చూపించే రిఫ్రాక్టోమీటర్ మీద ఒక్క చుక్క వేస్తే తెలిసిపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తియ్యండి. నీళ్లతో కడిగి మార్చేట్టయితే ఒక మెలిక ఉంది: ఎంత వంచినా బ్లాకులో, బండి లోపలికి వేడినిచ్చే హీటర్ కోర్‌లో కొంత నీరు మిగిలిపోతుంది. దాని మీద సగం సగం కలిపినది పోస్తే పలచనైపోతుంది. మొత్తం పట్టేది 6 లీటర్లయితే ముందు 3 లీటర్ల చిక్కటిది పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. హీటర్ ఫుల్ వేడిలో పెట్టి గాలి బుడగలు పోయేదాకా నడిపించి, చల్లారాక లెవెల్ చూడండి. రంగు చూసి కూలెంట్ కొనొద్దు, మాన్యువల్‌లో రాసిన రకమే కొనండి. పాతది కాలవలో పారబోయొద్దు. తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి.

ఆయిల్‌కి కంగారేం లేదు. డబ్ల్యూ ముందు అంకె ఎంత తక్కువైతే ఆయిల్ చలిలో అంత పలచగా ఉంటుంది. 10డబ్ల్యూ రకానికి సెల్ఫ్ తిరిగే పరీక్ష మైనస్ 25 దగ్గర చేస్తారు, 5డబ్ల్యూకి మైనస్ 30 దగ్గర. మాన్యువల్ ఒప్పుకుంటే ఈసారి 5డబ్ల్యూ వెయ్యండి, పొద్దున తేడా తెలుస్తుంది.

స్టెప్నీ:
టైర్ల లైటు పంక్చరే అయ్యుండక్కర్లేదు. ప్రతి 5, 6 డిగ్రీలకీ సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. 25 డిగ్రీల్లో గాలి కొట్టిస్తే మైనస్ 15కి దాదాపు 7 పీఎస్ఐ పోయినట్టే. బండి నడపకముందు, చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్న లెక్కకి నింపండి. ఒక్క టైరే మిగతావాటికంటే తగ్గుతుంటే అప్పుడు పంక్చర్ వెతకండి. చలికాలం టైర్లు వేస్తే నాలుగూ వెయ్యండి. ముందు రెండే వేస్తే మలుపులో వెనక భాగం జారిపోతుంది.

ఆవిరికి: గాలి లోపలే తిరిగే స్విచ్ తీసేసి బయటి గాలి పెట్టండి, వేడి పెంచి ఏసీ కూడా వెయ్యండి. ఏసీ తేమను లాగేస్తుంది. తడి మ్యాట్లు బయట ఆరబెట్టండి, మాసిన క్యాబిన్ ఫిల్టర్ మార్చండి. బయట అద్దానికి మంచు గడ్డకడితే వేడినీళ్లు పోయొద్దు, పగులుతుంది.

పది నిమిషాలు ఉత్తినే తిప్పడం నాకైతే దండగ. అర నిమిషం, నిమిషం చాలు, తర్వాత మొదటి కొన్ని కిలోమీటర్లు మెల్లగా పోనివ్వండి. ఐడిలింగ్‌లో బ్యాటరీ కూడా పెద్దగా నిండదు. సైలెన్సర్ మంచులో కూరుకుని ఉంటే శుభ్రం చేశాకే స్టార్ట్ చెయ్యండి, కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది.

నాలుగో గేరు:
మీటరు పెట్టి చూశానండి. పొద్దున 12.3, సెల్ఫ్ కొడితే 9.1, నడుస్తుంటే 14.2. బ్యాటరీ మార్చెయ్యాలా?

మల్టీమీటర్:
ఇప్పుడే కాదు. 12.3 అంటే నిండు కాదు కాబట్టి 9.1ని పట్టుకుని తీర్పు చెప్పలేం. ఛార్జింగ్ బాగానే ఉంది, దగ్గరి ప్రయాణాల వల్ల నిండట్లేదేమో. ఛార్జర్ పెట్టి పూర్తిగా నింపి, రాత్రంతా వదిలేసి మళ్లీ చూడండి. 12.6 ఉండి కూడా 9.6 కిందికి పడితే, సెల్ఫ్ కొడుతుండగా మీటరు ఒక కొన బ్యాటరీ పోస్టు మీద, ఇంకోటి ఆ పోస్టుకు వైరుని పట్టి ఉంచే క్లాంపు మీద పెట్టండి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు చూపిస్తే తప్పు క్లాంపుది: ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి తెల్లటి పొడి కడిగి, ఆరాక పాజిటివ్ ముందు, నెగటివ్ చివర బిగించండి. అక్కడ సున్నా వస్తే బ్యాటరీ మార్చండి. సీసీఏ (చలిలో సెల్ఫ్ తిప్పడానికి బ్యాటరీ ఇవ్వగల కరెంటు) మాన్యువల్ చెప్పినదానికి తగ్గకుండా చూసుకోండి.