చర్చ: పాత గేర్ బాక్స్‌లో ఆ చిన్న లాక్ పిన్ లేకపోతే ఏమవుతుంది?

హన్మకొండ_జీప్
అందరికీ నమస్తే. మా నాన్న నడిపిన పాత మహీంద్రా జీప్‌ను మళ్లీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. మూడు గేర్ల బాక్స్. బేరింగులు పోతే మొత్తం విప్పించాను. తిరిగి బిగించాక ట్రేలో ఒక చిన్న ఉక్కు పిన్ మిగిలింది, రెండు చివర్లూ గుండ్రంగా ఉన్నాయి. మెకానిక్‌ను అడిగితే "అది లేకున్నా గేర్లు పడుతున్నయ్ కదా, నడుస్తది" అన్నాడు. నిజమే, మూడు గేర్లూ రివర్సూ పడుతున్నాయి. కానీ పని లేని ముక్కను కంపెనీవాళ్లు లోపల ఎందుకు పెడతారు? మేడారం దాకా ఈ బండిలోనే పోదామని ఇంట్లో అందరి కోరిక. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

ములుగురోడ్_గేర్‌బాక్స్
తమ్మీ, ముందు ఆ బండిని షెడ్డులోంచి తీయకు. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది ఇంటర్‌లాక్ పిన్. దాని పని గేరు వేయడం కాదు, ఒక గేరు పడి ఉండగా ఇంకో గేరు కూడా పడకుండా ఆపడం. అందుకే అది లేకపోయినా నీకు తేడా కనిపించదు. కనిపించే రోజున మాత్రం బాక్స్ మిగలదు.

నీ బాక్స్‌లో రెండు ఫోర్క్ రాడ్లుంటాయి, అంటే గేర్లను జరిపే ఫోర్కులను మోసే కడ్డీలు. ఒకటి ఫస్ట్, రివర్స్‌లకు. రెండోది సెకండ్, థర్డ్‌లకు. గేర్ రాడ్ కింది కొన అరిగి ఉన్నా, చెయ్యి కాస్త అడ్డంగా పోయినా రెండు రాడ్లూ ఒకేసారి కదలొచ్చు. అప్పుడు చక్రాల వైపు బలం పంపే మెయిన్ షాఫ్ట్‌ను ఒక గేరు ఒక వేగంతో, ఇంకో గేరు మరో వేగంతో తిప్పాలని చూస్తాయి. ఒకే షాఫ్ట్ రెండు వేగాలతో ఎలా తిరుగుతుంది? బిగుసుకుపోతుంది. బండి వేగంలో ఉంటే వెనక చక్రాలు జామ్ అవుతాయి, పళ్లు విరుగుతాయి, ఒక్కోసారి కేసింగే పగులుతుంది. దీన్నే షెడ్డుల్లో డబుల్ గేర్ పడింది అంటాం.

పరకాల_రైతు
అన్నా, నాకొక సందేహం. మా పాత ట్రాక్టర్‌లో లోడు మీద గేరు దానంతట అదే జారి న్యూట్రల్‌కు వస్తుంది. పత్తి లోడుతో ఏనుమాముల మార్కెట్‌కు పోతుంటే దారి పొడుగునా గేర్ రాడ్ పట్టుకునే కూర్చోవాలి. ఇదీ ఆ పిన్ పోవడమేనా?

ములుగురోడ్_గేర్‌బాక్స్
కాదు కాకా, అది వేరే లాక్. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

ప్రతి ఫోర్క్ రాడ్ మీద గాడులు ఉంటాయి. గేరు పడే చోట ఒకటి, న్యూట్రల్‌లో ఒకటి, అవతలి గేరుకు ఒకటి. స్ప్రింగ్ వెనక నుంచి నెడుతుంటే స్టీల్ గోళీ ఆ గాడిలో కూర్చుంటుంది. గేరు వేసినప్పుడు చేతికి టక్కున తెలిసేది దాని వల్లే. ఆ గోళీ రాడ్‌ను ఉన్నచోట నిలబెడుతుంది, అంతే. పక్క రాడ్‌తో దానికి సంబంధం లేదు.

గేరు జారగానే అందరూ స్ప్రింగ్ మారుస్తారు. ఇంకా గట్టి స్ప్రింగ్ వేయించుకుంటారు. దాంతో గేరు మార్చడం కష్టమవుతుంది, ఫోర్క్ మీద భారం పెరుగుతుంది, జారడం మాత్రం ఆగదు. గేరు పళ్లు ఒక చివర ఎక్కువ అరిగి ఏటవాలుగా తయారైతే, లోడు పడినప్పుడు ఆ వాలు మీద గేరే బయటికి జరుగుతుంది. ఆ తోపు ముందు ఏ స్ప్రింగూ నిలవదు. ముందు పళ్లు చూడు. తర్వాత ఫోర్క్ అంచులు చూడు, అవి అరిగితే గేరు సగమే పడుతుంది. షాఫ్ట్ ముందుకూ వెనక్కూ ఆడుతోందేమో చూడు. గాడి, గోళీ, స్ప్రింగ్ చివర్న చూడాల్సినవి.

నిర్మల్_లారీ
ఇది అక్షరాలా నిజం. మహబూబ్ ఘాట్ దిగుతుంటే గేరు జారిందంటే ఇంజన్ పట్టు పోయి మొత్తం భారం బ్రేకుల మీద పడుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు జారుతుందా, తొక్కినప్పుడు జారుతుందా అన్నది గమనించి మెకానిక్‌కు చెప్పండి. పళ్ల ఏ వైపు అరిగిందో దాన్నిబట్టి పట్టుకుంటారు.

రీజనల్_కాలేజీ_పాతబ్యాచ్
ఈ లాక్ ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్ని ఎవరూ ట్రేలో వదిలేయరు. కాబట్టి కొంచెం పాత సంగతి రాస్తాను.

1891 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో పనార్ ఎ లెవాసోర్ కార్లలో జరిగే గేర్ల బాక్స్ వచ్చింది. అందులో గేర్లన్నీ ఒకే షాఫ్ట్ మీద కలిసి జరిగేవి. కదిలే భాగం ఒక్కటే కాబట్టి రెండు గేర్లు ఒకేసారి పడే ప్రమాదమే లేదు. కావాల్సిన లాక్ అల్లా లీవర్‌ను నిలబెట్టేదే. పళ్ల పట్టీ లాంటి చట్రం మీద లీవర్ నడిచేది, స్ప్రింగ్ పట్టు ఒక్కో గాడిలో దిగేది. ఇబ్బంది ఏమిటంటే మూడో గేరు నుంచి ఒకటికి రావాలంటే రెండును దాటుకునే రావాలి.

విల్హెల్మ్ మైబాక్ రూపొందించిన 1901 నాటి మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారులో గేట్, అంటే లీవర్ నడిచే చీలికలున్న పలక, వచ్చింది. లీవర్‌ను పక్కకు జరిపి కావాల్సిన వరుసను ఎంచుకోవడం, తర్వాత ముందుకో వెనక్కో నెట్టడం. ఇప్పుడు మన కార్లలో చేసేది ఇదే. డ్రైవర్‌కు పెద్ద సుఖం. కానీ ఇలా ఎంచుకునే బాక్సుల్లో కదిలే రాడ్లు ఒకటికి మించి ఉంటాయి. డబుల్ గేర్ భయం అక్కడే మొదలైంది. మొదట్లో గేట్ చీలికలే కాపలా. లీవర్ ఒక చీలికలో ఉంటే ఇంకో దాంట్లోకి పోలేదు. అయితే గేట్ ఆపేది లీవర్‌ను మాత్రమే. గోళీ పట్టు వదులైన పక్క రాడ్ కుదుపులకు తానే జరిగితే గేట్ ఏమీ చేయలేదు. అందుకే లాక్‌ను రాడ్ల మధ్యకే తెచ్చారు. కొన్ని బాక్సుల్లో పిన్నులు, గోళీలు పెట్టారు. మరికొన్నిటిలో లీవర్ కొనకు రెండు వైపులా పలక పెట్టారు. లీవర్ ఏ రాడ్‌ను పట్టుకుంటే ఆ పలక మిగతా వాటిని కదలనివ్వదు.

నిజాం కోసం 1912లో తయారైన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అక్కడికి వెళ్లినవాళ్లు బంగారు హంగులతో పాటు డ్రైవర్ కుడి చేతి పక్కనున్న లీవర్‌ను కూడా చూడండి.

కాజీపేట_సిగ్నల్
రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైర్ అయినవాణ్ణి. చదువుతుంటే మా పాత క్యాబిన్లే గుర్తొచ్చాయి. అక్కడ లీవర్ల వరుస కింద ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. ఒక బండికి దారి ఇచ్చే లీవర్ లాగితే, దానికి అడ్డం వచ్చే దారి లీవర్ ఎంత గుంజినా కదలదు. జాన్ సాక్స్‌బీ దీనికి 1856లోనే పేటెంట్ తీసుకున్నాడు. మనిషి జాగ్రత్త మీద వదిలేయకుండా తప్పు జరిగే వీలే లేకుండా చేయడం అందులో నాకు బాగా నచ్చే విషయం.

సిరిసిల్ల_వింటేజ్
ఫోర్డ్ మోడల్ టి లో ఇవేవీ లేవు కదా? అది లక్షల మంది నడిపారు.

రీజనల్_కాలేజీ_పాతబ్యాచ్
దాంట్లో జరిగే గేర్లే లేవండి. గేర్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి. ముందుకు పోవడానికి రెండు వేగాలు. పెడల్ తొక్కితే పట్టీ బిగిసి లో గేరు, ఇంకో పెడల్ తొక్కితే రివర్స్. ఫోర్క్ రాడ్లు లేనప్పుడు వాటి మధ్య పిన్ అవసరం రాదు. అయినా అక్కడా ఒక జాగ్రత్త ఉంది. హ్యాండ్ లీవర్ పూర్తిగా వెనక్కి లాగితే బ్రేకుతో పాటు టాప్ గేర్ క్లచ్ కూడా విడిపోతుంది.

నిర్మల్_లారీ
క్లచ్ తొక్కితేనే గేర్ రాడ్ కదిలేలా లాక్ ఉన్న పాత బండ్లు కూడా ఉన్నాయని మా ఉస్తాద్ చెప్పేవాడు. నిజమేనా?

రీజనల్_కాలేజీ_పాతబ్యాచ్
నిజమే. కొన్నిటిలో లాక్ పిన్‌ను క్లచ్ పెడల్‌కు కలిపేవారు. పెడల్ తొక్కితేనే పిన్ వెనక్కి వచ్చేది. గేర్ల వేగాలను ముందే కలిపి పళ్లు మెత్తగా పడేలా చేసే సింక్రోమెష్ 1928లో కాడిలాక్ కార్లతో వచ్చింది. అంతకు ముందు తొందరపడితే పళ్లు చిప్పలు లేచిపోయేవి, అందుకే అంత కాపలా. ట్రాక్టర్లలో ఫెర్గూసన్ టిఇ20 చూడండి. స్టార్ట్ చేయడానికే గేర్ రాడ్‌ను ఎస్ అన్న చోటికి తేవాలి. గేరులో ఉండగా ఇంజన్ స్టార్ట్ కాదు, కాబట్టి బండి మనిషి మీదికి దూకదు.

హన్మకొండ_జీప్
అందరికీ చాలా థ్యాంక్స్. బండిని కదిలించలేదు. మళ్లీ విప్పించి పిన్ పెట్టిస్తాను. సరిగ్గా కూర్చుందో లేదో నేనే చూసుకోవడం ఎలా?

ములుగురోడ్_గేర్‌బాక్స్
దగ్గరుండి చేయించు. రాడ్ బయటికి లాగేటప్పుడు రంధ్రం మీద గుడ్డ అడ్డం పెట్టు, లేకపోతే స్ప్రింగ్ తోసి గోళీ ఎటో ఎగిరిపోతుంది. పిన్‌కు గ్రీజు పూసి దాని రంధ్రంలో పెట్టాకే రెండో రాడ్ దూర్చాలి. తర్వాత పెట్టడానికి దారి ఉండదు.

ఆ పిన్ పొడవే అసలు సంగతి. రెండు రాడ్ల మధ్య ఖాళీకి, పిన్ కూర్చునే గాడి (గోళీ గాడులు కాదు, ఇది వేరు) ఒకదాని లోతు కలిపితే ఎంతో, పిన్ అంత ఉండాలి. ఉదాహరణకు ఖాళీ 20 మి.మీ., గాడి లోతు 5 మి.మీ. అనుకో, పిన్ 25 మి.మీ. రెండు రాడ్లూ న్యూట్రల్‌లో ఉంటే రెండు గాడులూ ఎదురెదురుగా వస్తాయి, పిన్‌కు ఆ 5 మి.మీ. ఆడే చోటు దొరుకుతుంది. ఒక రాడ్ జరగగానే దాని గాడి పక్కకు పోయి నున్నటి ఒళ్లు ఎదురొస్తుంది. అది పిన్‌ను అవతలి రాడ్ గాడిలోకి పూర్తిగా నెడుతుంది. అంతే, అవతలిది కదలదు. పిన్ అరిగి పొట్టిదైతే అవతలి రాడ్ కొంత దూరం జరిగిపోతుంది, అదీ ప్రమాదమే. అంచనాగా ఏదో మేకు కోసి పెడతామంటే ఒప్పుకోకు. పొడవు ఎక్కువైతే ఏ రాడూ కదలదు, మెత్తటి ఇనుము తొందరగా అరుగుతుంది.

మూత బిగించక ముందే పరీక్షించు. ఒక రాడ్‌ను ఫస్ట్‌లోకి నెట్టి, రెండోదాన్ని స్క్రూడ్రైవర్‌తో నెట్టి చూడు. కదలకూడదు. రివర్స్‌లో పెట్టి అలాగే చూడు. తర్వాత సెకండ్, థర్డ్‌లలో పెట్టి మొదటి రాడ్‌ను నెట్టు. నాలుగు చోట్లా గట్టిగా ఆగితేనే మూత వెయ్యి.

మూడు రాడ్లున్న బాక్స్ విప్పేవాళ్లకు ఒక మాట. మధ్య రాడ్‌కు అడ్డంగా రంధ్రం చేసి, అందులో సన్నటి పిన్ పెట్టే రకం ఉంది. ఒక చివరి రాడ్ కదిలితే ఆ తోపు ఈ పిన్ గుండా అవతలి చివరి రాడ్‌కు కూడా చేరుతుంది. ఎక్కువగా పోయేది ఇదే. రాడ్ కడిగేటప్పుడు డీజిల్ తట్టలో జారిపడుతుంది.

హన్మకొండ_జీప్
పాత పిన్ కొలిపించాను, ఒక చివర అరిగి ఉంది. కొత్తది తెప్పించి పెట్టించాను. నాలుగు చోట్లా నెట్టి చూశాను, అవతలి రాడ్ అసలు కదలడం లేదు. ఇంకొక్క ప్రశ్న. పక్కనున్న ఫోర్ వీల్ లీవర్ వేయకుండా లో లీవర్ పడటం లేదు. అదీ విప్పించాలా?

ములుగురోడ్_గేర్‌బాక్స్
వద్దు తమ్మీ, అది అలాగే ఉండాలి. గేర్ బాక్స్ బలాన్ని ముందు, వెనక యాక్సిల్‌లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోనూ ఇలాంటి లాకే ఉంది. ముందు యాక్సిల్ కలిశాకే లో పడుతుంది, లేకపోతే లో గేరు బలమంతా వెనక యాక్సిల్ ఒక్కదాని మీదే పడుతుంది.