రాయ్‌పూర్–విశాఖ ఎక్స్‌ప్రెస్‌వే: 12 టైర్ల లారీకి టోల్ గిట్టుతుందా?

సాలూరు_లోడు

అందరికీ నమస్కారం. రాయ్‌పూర్–విశాఖ ఆరు లేన్ల రోడ్డు (ఎన్‌హెచ్ 130సీడీ) మీద లెక్క తెలిసినవాళ్ల మాట కావాలి. జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా పాత దారి 595 కి.మీ. అంటున్నారు, కొత్తది 464. కార్లకు 12 గంటల ప్రయాణం 6–7 గంటలకు తగ్గుతుందన్న మాట అన్ని పేపర్లలోనూ వచ్చింది. లారీల సంగతి మాత్రం ఎవరూ రాయడం లేదు.

అడగాల్సినవి ఇవీ. పైకి ఎరువులు, బొగ్గు, కిందికి బియ్యం, స్టీలు వేసే 10, 12, 14 టైర్ల బండ్లకు టోల్ కట్టాక ఏమైనా మిగులుతుందా, లేక మిగిలిన డీజిల్ డబ్బు టోల్‌గేటుకే పోతుందా? విశాఖ వైపు రోడ్డు సబ్బవరంలో ఆగిపోతుంది కదా, అక్కడి నుంచి పోర్టుకు ఎలా? ఇంకొకటి, విజయనగరం జిల్లాలో కట్ట వేసిన చోట్ల చెరువులకు నీళ్లు రావడం లేదని, ట్రాక్టర్లకు దారి లేదని రైతులు అంటున్నారు. రోడ్డు పూర్తికాకముందు దాన్ని ఎవరి దృష్టికి, ఎలా తీసుకెళ్లాలి?

కిరాయిలెక్క

టోల్ సంగతి నేను చెప్తానండీ. జాతీయ రహదారుల ఫీజు నిబంధనలు 2008లో వచ్చాయి. వాటిలో 2007-08 మూల ధరలు కి.మీ.కి ఇలా ఉన్నాయి: కారు 0.65, మినీ లారీ 1.05, రెండు యాక్సిళ్ల లారీ లేదా బస్సు 2.20, మూడు యాక్సిళ్లు 2.40, నాలుగు నుంచి ఆరు యాక్సిళ్లు 3.45, ఏడు ఆపైన 4.20 రూపాయలు. ఏటా ఏప్రిల్ 1న మూల ధర మీద 3 శాతం (చక్రవడ్డీలా కాదు), దానికి తోడు టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం కలుస్తాయి. ఈ సూత్రం ప్రకారం ఇప్పటికి మూల ధరలు సుమారు రెండుంబావు రెట్లయ్యాయి. అంటే 10 టైర్ల (మూడు యాక్సిళ్ల) బండికి కి.మీ.కి దాదాపు 5.40, 12 టైర్లకు (నాలుగు యాక్సిళ్లు) 7.80.

12 టైర్ల బండి చివరి నుంచి చివరికి 464 కి.మీ. వెళ్తే దాదాపు 3,600 రూపాయలు. తగ్గే దూరం 131 కి.మీ. లోడు మీద లీటరుకు మూడున్నర కి.మీ. ఇచ్చే బండికి అది 37 లీటర్లు. లీటరు 97 వేసుకుంటే ఇదీ 3,600 చిల్లరే. తగ్గిన దూరం తాలూకు డీజిల్ టోల్‌కు సరిపోయింది, అంతే. పాత దారిలో కట్టే టోల్, ఘాట్లో రెండో గేరులో కాలే డీజిల్, బ్రేకు లైనర్లు, టైర్లు మీకు మిగిలేవి. పాత రోడ్డులో రెండు లేన్ల భాగాలకు టోల్ రేటు 60 శాతమే కాబట్టి అక్కడ టోల్ ఆదా మరీ ఎక్కువ అనుకోవద్దు.

ఈ అంకెకు పైన మరో భారం ఉంది. వంతెనలు, సొరంగాలు, ఎత్తైన కట్టడాలున్న భాగాన్ని టోల్ కోసం ఉన్న పొడవుగా లెక్కేయరు. కట్టడం పొడవుకు పది రెట్లు వేసి మిగతా పొడవుకు కలుపుతారు. 2025 జూలై సవరణ తర్వాత ఆ మొత్తం గానీ, సెక్షన్ మొత్తం పొడవుకు ఐదు రెట్లు గానీ, ఏది తక్కువైతే అది తీసుకుంటారు. ఈ రోడ్డు మీద ఛత్తీస్‌గఢ్‌లో కేశ్‌కాల్ ప్రాంతంలోనే 2.8 కి.మీ. జంట సొరంగం ఉంది. అది 28 కి.మీ.గా లెక్కకొస్తుంది, 12 టైర్ల బండికి దాని ఒక్కదానికే దాదాపు 200 అదనం. ఒడిశా ఘాట్లో కట్టడాలు ఇంకా ఎక్కువ. అందుకే 3,600 దగ్గర ఆగకుండా 4,200 దాకా పెట్టుకుని కిరాయి మాట్లాడండి. ఫీజు నోటిఫికేషన్ రాగానే కేటగిరీ కూడా చూడండి. జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేగా ఉంటే మామూలు రహదారి రేటు మీద 25 శాతం ఎక్కువ పడుతుంది.

అసలు లాభం టైములోనే ఉంది. పాత దారిలో లోడు బండి సగటున గంటకు 30–35 కి.మీ. నడుస్తుంది, అంటే 17 నుంచి 20 గంటలు. కొత్త రోడ్డులో సరుకు బండ్లకు 80 పరిమితి, సగటున 55 పడినా ఎనిమిదిన్నర గంటలు. రానుపోను కలిపితే ఒక పూట కాదు, దాదాపు ఒక రోజు మిగులుతుంది. కిస్తీ, ఇన్సూరెన్స్, డ్రైవర్ జీతం కలిపి నెలకు 90 వేలు స్థిర ఖర్చున్న బండికి రోజు విలువ 3,000. ఆ రోజు మిల్లు గేటు దగ్గరో పోర్టు యార్డు దగ్గరో వెయిటింగులో పోతే మాత్రం టోల్ మొత్తం నష్టమే. ముందు లోడింగ్ టైము ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే కొత్త రోడ్డు సంగతి.

బండి సైజు కూడా చూసుకోవాలి. 28 టన్నుల 10 టైర్ల బండి 18 టన్నులు మోస్తుంది, 35 టన్నుల 12 టైర్ల బండి 25, 42 టన్నుల 14 టైర్ల బండి 31 దాకా. మూల ధరలో టన్నుకు లెక్కేస్తే మొదటిదానికి 13 పైసలు, రెండోదానికి 14, మూడోదానికి 11. నాలుగో యాక్సిల్ రాగానే 2.40 నుంచి 3.45కి దూకుతుంది కదా, 12 టైర్ల మీద దెబ్బ అందుకే. కొత్తగా బండి కొనేవాళ్లు ఈ రూటుకు 14 టైర్లు చూడడం మంచిది.

సాలూరు_లోడు

ధన్యవాదాలండీ, టన్ను లెక్క ఎవరూ ఇలా చెప్పలేదు. మధ్యలో ఎక్కి మధ్యలో దిగితే? సాలూరు బండ్లు సగం అలాంటివే.

కిరాయిలెక్క

ఇది రాకపోకలు నియంత్రించిన రోడ్డు. ఇంటర్‌ఛేంజి దగ్గరే ఎక్కాలి, దిగాలి, తిరిగిన దూరానికే ఫీజు. ఎక్కినచోట ఫాస్టాగ్ రీడ్ కాకపోతే దిగేచోట సాధారణంగా అత్యధిక దూరానికి కోత పడుతుంది. ట్యాగ్ గాజు మీద సరిగ్గా అతికి ఉందా, ఎంట్రీ మెసేజ్ వచ్చిందా అన్నది డ్రైవర్ అక్కడే చూసుకోవాలి. రీడ్ అయ్యే సమయానికి 60 నిమిషాల ముందు నుంచీ, ఆ తర్వాత 10 నిమిషాల దాకా ట్యాగ్ బ్లాక్‌లిస్టులోనే ఉంటే చెల్లింపు తిరస్కరిస్తారు. గేటు ముందుకొచ్చి రీఛార్జి చేస్తాంలే అని వదిలేయకండి, ఆ 10 నిమిషాలు నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉంటాయి. ఎక్కేచోటే కాటా ఉంటుంది. 2018 పరిమితుల ప్రకారం నాలుగు టైర్ల ఒంటి యాక్సిల్‌కు 11.5 టన్నులు, టాండెమ్‌కు (పక్కపక్కనే ఉండే జంట యాక్సిళ్లకు) 21 టన్నులు. మొత్తం బరువు సరిపోయినా లోడు వెనక్కి జరిగి టాండెమ్ మీద పడితే పట్టుబడతారు. స్టీలు కాయిల్స్ వేసేటప్పుడు ఇదే ఎక్కువగా జరిగేది.

టైర్ల మాట కూడా. ఘాట్ రోడ్డులో నెమ్మదిగా నడిచి అరిగిన టైరు, గాలి తక్కువున్న రీట్రేడ్ (పాతదానికి కొత్త పట్టీ వేసిన) టైరు, మే నెల ఎండలో గంటల తరబడి 80 మీద ఆగకుండా నడిస్తే వేడెక్కి పట్టీ ఊడిపోతుంది. బయల్దేరే ముందు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. జంట టైర్లలో లోపలిది మరీ ముఖ్యం, చాలామంది దాన్ని కర్రతో కొట్టి చూసి వదిలేస్తారు.

కట్టపని

రైతుల ప్రశ్నకు నా జవాబు. విజయనగరం జిల్లా గొలుసుకట్టు చెరువుల నేల. పై చెరువు అలుగు పారి కింది చెరువు నిండుతుంది, మధ్యలో చిన్న గెడ్డలు (వాగులు). దీని మీద అడ్డంగా మూడు నాలుగు మీటర్ల కట్ట వేసినప్పుడు, సర్వే మ్యాపులో గెడ్డగా గుర్తించిన చోట బాక్స్ కల్వర్టు వస్తుంది. పొలాల మీదుగా పలచగా పారే వాననీటికి మ్యాపులో గీత ఉండదు, దానికి తూము కూడా ఉండదు. తొలి వానకు ఎగువన పొలం మునుగుతుంది, దిగువ చెరువు నిండదు. రెండో తప్పు తూము అడుగు మట్టం. కాలువ అడుగు కన్నా అర అడుగు పైకి కడితే నీళ్లు నిలుస్తాయి, బురద పేరుకుంటుంది. కట్టడం పూర్తయ్యాక దీన్ని సరిచేయడం దాదాపు అసాధ్యం, కట్ట తవ్వాల్సిందే.

కాబట్టి వాన పడుతున్నప్పుడే పని మొదలెట్టాలి. నీళ్లు నిలిచిన చోట ఫోటోలు, సర్వే నంబరు, రోడ్డు పక్క రాళ్ల మీద రాసి ఉండే చైనేజీ అంకె (రోడ్డు మొదలు నుంచి ఆ చోటికి దూరం), పైచెరువు–కిందిచెరువు పేర్లు ఒక కాగితం మీద పెట్టాలి. ఎన్‌హెచ్ఏఐ (జాతీయ రహదారుల సంస్థ) ప్రాజెక్టు డైరెక్టర్‌కు ఇచ్చి, కలెక్టర్‌కూ జలవనరుల శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకీ నకళ్లు పంపి, ఉమ్మడి పరిశీలన అడగండి. కాంట్రాక్టులో పని పరిధి మార్పు కింద అదనపు తూము వేసే వీలుంది, కానీ కట్ట పైపొరల దాకా రాకముందే అడగాలి. వట్టి నోటిమాట ఫిర్యాదు కాంట్రాక్టరు సూపర్‌వైజర్ దగ్గరే ఆగిపోతుంది.

అండర్‌పాసుల విషయంలో ఎత్తు అడగండి, సంఖ్య కాదు. పెద్ద వాహనాల అండర్‌పాసుకు 5.5 మీటర్ల ఎత్తుంటుంది, చిన్న వాహనాలదానికి 4 మీటర్లే. గడ్డి లోడు ట్రాక్టరు, ట్రాలీకెక్కించిన వరికోత యంత్రం ఆ 4 మీటర్లు దాటిపోవచ్చు. ట్రాక్టర్లు, ఆటోలు, బైకులకు పైన రోడ్డు మీదకు అనుమతి లేదు కాబట్టి పొలం ఆ పక్కనుంటే అండర్‌పాసే గతి. దాని అడుగు చుట్టుపక్కల నేల కన్నా పల్లంగా పెడితే వానాకాలం చెరువైపోతుంది. డ్రాయింగులో నీళ్లు బయటికి పోయే దారి ఎక్కడుందో చూపించమనండి.

భూమి రెండు ముక్కలై చిన్న ముక్క సాగుకు పనికిరాకుండా పోతే, విడిపోవడం వల్ల కలిగిన నష్టానికి జాతీయ రహదారుల చట్టం 3జీ(7) కింద పరిహారం అడగొచ్చు. అవార్డులో (పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వులో) అది లేకపోతే 3జీ(5) కింద ఆర్బిట్రేటర్ దగ్గరకు వెళ్లాలి. డబ్బు తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు, అయితే అభ్యంతరంతో తీసుకుంటున్నట్టు రాసివ్వడం మేలు.

రోడ్డు నాణ్యత గురించీ రెండు మాటలు. ఈ ప్యాకేజీలు హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలోవి. కట్టేటప్పుడు 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 60 శాతం కాంట్రాక్టరు పెట్టుకుని 15 ఏళ్లపాటు వాయిదాల్లో తీసుకుంటాడు. టోల్ వసూలు ఎన్‌హెచ్ఏఐది, నిర్వహణ బాధ్యత అతనిది. మొదట పాడయ్యేది వంతెన మొదలు, చివర. వంతెన పునాది మీద నిలబడుతుంది, పక్క కట్ట మట్టి కుంగుతుంది. అబట్‌మెంట్ (వంతెన చివరి గోడ) వెనక పెద్ద రోలరు దూరదు, అక్కడ చిన్న కంపాక్టరుతో పలచటి పొరలు తొక్కించాలి, 600 మి.మీ. ఫిల్టర్ పొర వేయాలి. ఆ పని తొందరలో చేస్తే రెండో వానాకాలానికే బండి ఎగిరి పడుతుంది. లోడు లారీ స్ప్రింగ్ పట్టీలు విరిగేది అలాంటి చోటే. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి చైనేజీ చెప్పండి.

సాలూరు పైన కొండలు ఖొండలైటు అనే రకం రాయివి. పైకి రాయిలా కనిపించినా పగుళ్లలో మెత్తబడి బంకమట్టి ఉంటుంది. కొండ తవ్విన చోట మెట్లుమెట్లుగా కోయకుండా, పైన నీళ్లు మళ్లించే కాలువ లేకుండా నిలువుగా వదిలేస్తే తుఫానుకు జారుతుంది. అక్టోబరు, నవంబరుల్లో రాత్రిపూట ఆ భాగంలో ఎడమ లేన్ వదిలి నడవడం మంచిది.

సబ్బవరం_జంక్షన్

చివరి ప్రశ్న మిగిలింది. సబ్బవరం దగ్గర ఈ రోడ్డు ఆనందపురం–అనకాపల్లి ఆరు లేన్ల ఎన్‌హెచ్ 16లో కలుస్తుంది. కాకినాడ పోర్టుకు వెళ్లే బియ్యం బండ్లకు ఇబ్బంది లేదు, విశాఖ ఊళ్లోకి రాకుండానే అనకాపల్లి, తుని మీదుగా పోతాయి. అసలు చిక్కు విశాఖ పోర్టు బండ్లకే. సబ్బవరం నుంచి షీలానగర్‌కు సుమారు 12.7 కి.మీ. ఆరు లేన్ల లింకు (ఎన్‌హెచ్ 516సీ) మంజూరైంది. షీలానగర్ నుంచి పోర్టుకు ముందే ప్రత్యేక రోడ్డుంది. ఈ లింకు పూర్తయ్యేదాకా బండ్లు గాజువాక వైపుకో పెందుర్తి వైపుకో పోక తప్పదు. అక్కడ పగటిపూట భారీ వాహనాల వేళలు చూసుకోవాలి. రాయ్‌పూర్‌లో రాత్రి 8 గంటలకు లోడెక్కిన బండి తెల్లవారుజామున 5కి సబ్బవరం చేరితే సరే. అదే ఉదయం బయల్దేరితే ఎక్స్‌ప్రెస్‌వే మీద మిగిల్చుకున్న గంటలు చివరి 20 కి.మీ.లో పోతాయి.

అటువైపూ అంతే. రోడ్డు మొదలయ్యేది అభన్‌పూర్ దగ్గర, రాయ్‌పూర్‌కు దక్షిణాన. సిల్తారా, ఉర్లా ఫ్యాక్టరీలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి. 464కి ఆ దూరం కూడా కలుపుకోండి. అక్కడి వేళలు మీ బుకింగ్ ఏజెంటును అడిగి, రాత్రి గేటు పాసు ఇచ్చే ఫ్యాక్టరీల లోడ్లే ముందు పట్టండి.

సాలూరు_లోడు

కిరాయిలెక్క గారి 4,200, సబ్బవరం గారి రాత్రి 8 గంటల లెక్క యూనియన్ మీటింగులో పెడతాం. కట్టపని గారూ, అండర్‌పాసు డ్రాయింగు అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు సరిపోతుందా?

కట్టపని

సరిపోతుంది. చైనేజీ రాసి, "జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగు, ముగింపు మట్టాలతో" అని అడగండి. వట్టి "ప్లాను" అంటే రంగుల మ్యాపు ఇస్తారు, అందులో ఎత్తులుండవు. జవాబుకు 30 రోజులు పడుతుంది కాబట్టి ఉమ్మడి పరిశీలన కాగితం దానికోసం ఆపకండి, రెండూ ఒకే రోజు వేయండి.