అప్‌డేట్: తంగేడుకి రెండు పేర్లెందుకు?

మొన్న కైలాసగిరి దగ్గర కోసిన తంగేడు కొమ్మకి కాసియా ఆరిక్యులేటా అని రాయాలా, సెన్నా ఆరిక్యులేటా అని రాయాలా అని అడిగాను కదా. తేలిపోయింది. రెండూ ఒకే మొక్క. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దాన్ని కాసియా అనే ప్రజాతిలో (దగ్గరి మొక్కల గుంపులో) పెట్టాడు, తర్వాత వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ సెన్నా ప్రజాతిలోకి మార్చాడు. (మన సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గే!) అందుకే ఇప్పుడు చెల్లే పేరు సెన్నా ఆరిక్యులేటా చివర బ్రాకెట్లో లిన్నేయస్‌కి గుర్తుగా ‘ఎల్.’, బయట రాక్స్‌బర్గ్‌కి గుర్తుగా ‘రాక్స్‌బ్.’ అని ఉంటుంది. నేనేమో అచ్చుతప్పనుకున్నా.

ఇంకో తికమక: ఐపీఎన్ఐలో (మొక్కల శాస్త్రీయ నామాల అంతర్జాతీయ సూచిక) రెండు పేర్లూ ఉన్నాయి. అది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ప్రచురించారో రాసిపెట్టే చిట్టా మాత్రమే. ఏది చెల్లుతుందో లండన్‌లోని క్యూ వృక్షోద్యానం వాళ్ల ‘ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్’ వెబ్‌సైట్లో చూడాలి.

మా ల్యాబ్‌లో ఎండబెట్టిన తంగేడు కొమ్మ అంటించిన పాత షీటు మీద ‘కాసియా’ లేబుల్ పీకేయబోతే మేడం ఆపారు. పాతది అలాగే ఉంచి, పక్కన కొత్త పేరు, నా పేరు, తేదీతో చిన్న చీటీ అంటించాం.