ఉప్పునీటి చెరువుల మీదకి పాత ఫోర్ వీల్ జీపు తట్టుకుంటదా? వాడినవాళ్ళు చెప్పండి

మొగల్తూరు రొయ్యల రైతు:
అందరికీ నమస్కారమండి. మాది మొగల్తూరు దగ్గర, వనామీ రకం రొయ్యల చెరువులు చేస్తాం. తారు రోడ్డు దిగాక చెరువుల దాకా మట్టి పుంతే, వానలు పట్టాయంటే బైకు కూడా సగం దూరంలో దిగబడిపోద్ది, మేత బస్తాలు మనుషుల చేత మోయించాల్సిందే. అది ఎలాగోలా పడొచ్చు గానీ రాత్రిపూట కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయినప్పుడే అసలు బాధ, జనరేటర్‌కి డీజిల్ క్యాన్లు పట్టుకుని ఆ బురదలో వెళ్ళేలోపు ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిపోతదేమోనని ప్రాణం పోయినంత పనవుద్ది. కొత్త బండి కొనే ఓపిక లేదు, కొన్నా దాన్ని ఉప్పు బురదలో తిప్పడానికి మనసొప్పదు. అందుకని నాలుగు చక్రాలూ లాగే పాత ఫోర్ బై ఫోర్ ఏదన్నా చూద్దామని. మహీంద్రా ఎంఎం 540, మారుతి జిప్సీ కింగ్, 2010లో వచ్చిన మహీంద్రా పాత థార్, ఈ మూడూ అనుకుంటన్నాను. గట్టి బండ్లని అందరూ అంటారు గానీ మన డెల్టాలో, ఈ ఉప్పుగాలిలో ఏళ్ళ తరబడి వాడినవాళ్ళ మాట వేరు కదండీ. ఏది నిలబడింది, ఎక్కడ డబ్బులు తినేసింది, కొనేముందు ఏం చూడాలి, దయచేసి చెప్పండి.

మలికిపురం జీపు:
ఎంఎం 540 మా నాన్నగారి హయాం నుంచి ఉందండి మా ఇంట్లో, ఇప్పటికీ కొబ్బరి కాయలు దింపులప్పుడు తోటలోకి అదే వెళ్ళుద్ది. ఇంజిన్ ఎక్స్‌డీపీ 4.90, 2112 సీసీ, ప్యూజో వాళ్ళ డిజైను. స్పీడు అడక్కండి, కానీ దాంట్లో కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు, పంపు, నాజిళ్ళు, హీటర్ ప్లగ్గులు అంతే, మామూలు డీజిల్ మెకానిక్ ఎవరైనా విప్పి బిగించేస్తాడు. సామాన్లకి కూడా భయం లేదు, ఎందుకంటే కమాండర్లు, మేజర్లు, బొలేరోలు అన్నిటికీ కలిసే పార్టులు చాలా ఉన్నాయి, రాజమండ్రిలో దొరకనిది లేదు. గేరు రాడ్డు పక్కన చిన్న రాడ్లు రెండుంటాయి, ఒకటి ముందు చక్రాలు కలపడానికి, ఇంకోటి హై నుంచి లో కి, అంటే నెమ్మదిగా బలంగా లాగే గేరుకి మార్చడానికి. లో లో వేశారంటే యాక్సిలరేటర్ తొక్కక్కర్లేదు, క్లచ్ వదిలేస్తే చాలు, మనిషి నడిచినట్టు నడుస్తాది. సఖినేటిపల్లి రేవులో పంటు, అదే బండ్లు దాటించే పడవ, ఎక్కించేటప్పుడు ఆ తడిసిన ర్యాంపు మీద మిగతా బండ్లు చక్రాలు జారుతుంటే ఇది నింపాదిగా ఎక్కేస్తాది.

2022 జూలై వరద గుర్తుందిగా, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది. మూడో హెచ్చరికే 17.75 లక్షలకి ఇస్తారు, దాని మీద అంత. నీరు పూర్తిగా ఎక్కకముందే లంకలోంచి బియ్యం బస్తాలు, గ్యాస్ బండలు, దూడలు, ముసలాళ్ళు, అన్నీ ఏటిగట్టు మీదకి ఈ జీపే చేర్చింది. పారే నీళ్ళలోకి మాత్రం దింపలేదండి, ఎంత గట్టి జీపైనా ప్రవాహం పక్కనుంచి తోసేస్తే ఎవరూ ఆపలేరు. నిలవ నీళ్ళలోనే, అదీ హబ్బు మునిగేంత వరకే. వరద తీశాక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల గుండు) డ్రెయిన్ బోల్టు విప్పితే ముందు నీళ్ళు నాలుగు చుక్కలు, ఆ తర్వాత పాలెక్కువైన కాఫీలాగా ఆయిల్ దిగింది. ముందు యాక్సిల్‌ది, వెనకది, రెండూ అంతే. దానికి కారణం ఏంటంటే నడిచి నడిచి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్ళలో మునగ్గానే లోపల గాలి ముడుచుకుంటాది, పైన బ్రీదర్, అంటే గాలి ఆడే కన్నం, మట్టితో పూడుకుపోయి ఉంటే గాలి రావడానికి దారుండదు, అందుకని సీళ్ళ సందులోంచి నీళ్ళు పీల్చేసుకుంటాది. బ్రీదర్‌కి రబ్బరు పైపు తగిలించి పైకి, బానెట్ కిందకి తీసుకొచ్చేశాం, ఇక ఆ గొడవ లేదు. ఖర్చు చూస్తే ఏమీ లేదు, ఆ పని చెయ్యకపోతే మాత్రం క్రౌన్ పినియన్, బేరింగులు పోతాయి. మీరు ఏ బండి కొన్నా ముందు ఆ పని చేయించండి.

ఆకివీడు జిప్సీ:
పైన అన్న చెప్పింది జీపు వరకూ నిజమే, కానీ చెరువు గట్టు సంగతి వేరండి. గట్టు మీద బలం కన్నా బరువు ముఖ్యం. జిప్సీ టన్నుకి అటూ ఇటూగా ఉంటాది అంతే, వాన తిన్న గట్టు మీద బరువైన బండి ఎక్కిస్తే అంచు జారి చక్రం చెరువులోకి పోద్ది, గట్టుకీ గండి పడుద్ది. మాది జిప్సీ కింగ్, 1298 సీసీ పెట్రోల్, 1996 తర్వాత వచ్చిన మోడల్. ముందు హబ్బులు దిగి చేత్తో తిప్పి లాక్ చేసుకునే రకం, బురదలోకి దిగేముందే తిప్పుకోండి, దిగబడ్డాక మోకాళ్ళ లోతు బురదలో కూచుని హబ్బు తిప్పడం నరకం. ఆర్మీ వాళ్ళు అన్నేళ్ళు వాడారంటే ఊరికే కాదు. నడుముకి మాత్రం హాయి ఉండదు, నాలుగు వైపులా కమాన్ పట్టీలే, ఖాళీగా వెళ్తే ఎగరేస్తాది. పెట్రోలు కూడా బాగానే తాగుద్ది, రోజూ పాతిక ముప్పై కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి చెప్పను.

ఇంకో మాట, మూడు బండ్లకీ పనికొచ్చేది. టైర్లు వెడల్పువి వేయించకండి. ఫొటోకి బాగుంటాయి, మన నల్లమట్టిలో అవి పైనే తేలి జారతాయి. పాత జీపుల 6.00-16 సన్న టైరు పైన జిగురు కోసుకుని కింద గట్టినేల పట్టుకుంటాది. మా గట్ల మీద రెండూ చూశాం. అలాగే ఫోర్ వీల్ వేసుకుని తారు రోడ్డు మీద తిప్పకండి, ఈ బండ్లకి మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు, మలుపు తిరిగినప్పుడు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ తిరగడంలో వచ్చే తేడా ఎక్కడికీ పోక షాఫ్టుల క్రాసుల మీద, ముందుకీ వెనక్కీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుద్ది. బురద దాటగానే తీసేయాలి.

కాకినాడ థార్:
2010 థార్ రెండు రకాలు. డీఐ అయితే 2523 సీసీ, పాత జీపు లెక్కే, మెకానికల్ పంపు. సీఆర్‌డీఈ, అంటే కంప్యూటర్ నడిపే కామన్ రైల్ డీజిల్ అయితే 105 హార్స్ పవర్, హైవే మీద బాగా పోద్ది, ముందు కమాన్లు కాకుండా టార్షన్ బార్ సస్పెన్షన్, నడుముకి కొంచెం నయం. నాది సీఆర్‌డీఈ. నాకు మారేడుమిల్లి రోడ్లూ హైవేలూ ఎక్కువ కాబట్టి సరిపోయింది, మీ పనికి మాత్రం డీఐ చూడండి అంటాను. కామన్ రైల్ అన్నాక సెన్సర్లు, కనెక్టర్లు, ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్ ఉంటాయి, ఉప్పు తేమ ముందు కూచునేది ఆ కనెక్టర్ల పిన్నుల మీదే, పచ్చగా చిలుం పట్టేస్తాది. అర్ధరాత్రి చెరువు గట్టు మీద బండి ఆగిపోతే స్కానర్ పెట్టి చూసేవాడు ఎక్కడ దొరుకుతాడు? ఇంకొకటి, చెరువు పని అయ్యాక ఇంటికి రాగానే మంచినీళ్ళతో కింద నుంచి కడగండి, పైన కడిగినా కడక్కపోయినా పర్లేదు. ఛాసిస్ లోపల గుల్లగా ఉంటాది కదా, దాని కన్నాలు ఒండ్రుతో పూడుకుపోతే లోపల ఉప్పు తడి ఆరదు, బయట పెయింటు నిగనిగలాడుతుంటే లోపల్నుంచి తినేస్తాది. కన్నాల్లోకి పైపు పెట్టి నీళ్ళు తేటగా వచ్చేదాకా వదలాలి.

పాలకొల్లు:
బండి గట్టితనం అందరూ చెప్పారు, కాగితాల గట్టితనం ఎవరూ చెప్పలేదు. ఎంఎం 540 అని చూపించేవాటిలో సగం కమాండర్ ఛాసిస్ మీద బాడీ కట్టినవి, టూ వీల్ బండికి స్క్రాపులోంచి ముందు యాక్సిల్ తెచ్చి తగిలించినవి. ఆర్‌సీలో కమాండర్ అని ఉండి ఎదురుగా 540 నిలబడి ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పేసింది, రేపు ప్రమాదం ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర మీరే ఇరుక్కుంటారు. ఛాసిస్ నంబరు కాగితం మీద పెన్సిల్‌తో రుద్ది చూసుకోండి, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలవాలి. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి అయిదేళ్ళకోసారి రెన్యువల్, 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 కాస్తా 5000 చేశారు, 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లు, జీపులకి 10000 చేశారు. గడువు అయిపోయిన ఆర్‌సీ బండి బేరంలో ఆ ఖర్చు, ఆలస్యానికి పడే పెనాల్టీ, ఫిట్‌నెస్‌కి బండిని సిద్ధం చేసే ఖర్చు మొత్తం తీసేసి ధర చెప్పండి.

మొగల్తూరు రొయ్యల రైతు:
అందరికీ పేరుపేరునా థాంక్సండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఈ మాటలన్నీ చదివాక థార్ సీఆర్‌డీఈ పక్కన పెట్టేశాను. జిప్సీ మీద మనసు లాగుతుంది గానీ నాకు ఒక్కోసారి పది పన్నెండు బస్తాల మేత వెళ్ళాలి, ఐసు కూడా. తణుకు వైపు ఒక ఎంఎం 540 ఉందన్నారు, ఆర్‌సీలో 540 అనే ఉందట, ఫొటోల్లో సీట్లు కొత్తవి, కింద ఛాసిస్ అంతా నల్లగా కొత్త పెయింటు కొట్టి తళతళలాడుతుంది. ఇంజిన్ ఈ మధ్యే బోరింగ్ (సిలిండర్లు కోయించి బాగు చేయించడం) చేయించామంటున్నాడు. మలికిపురం అన్నా, మీరేమంటారు?

మలికిపురం జీపు:
కొత్త పెయింటు అంటేనే అనుమానించాలి తమ్ముడూ. అమ్మే ముందు ఛాసిస్‌కి నల్ల పెయింటు కొట్టారంటే కింద ఏదో కప్పుతున్నట్టే లెక్క. వెనక కమాన్ పట్టీల్ని వేలాడదీసే షాకిల్ హ్యాంగర్లు ఛాసిస్‌కి పట్టే చోటు, బాడీ బోల్టులు కూచునే చోటు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, ఈ మూడు చోట్లా చిన్న సుత్తితో కొట్టి చూడాలి. మంచి ఇనుమైతే ఖంగుమంటాది. తుప్పు తిన్నదైతే మొద్దుగా వినిపిస్తాది, స్క్రూ డ్రైవరుతో నొక్కితే పెయింటు పొర పగిలి ఎర్రటి పెచ్చులు రాలతాయి. పెచ్చులు రాలితే ఇంజిన్ ఎంత బాగున్నా, ధర ఎంత తగ్గించినా వద్దు. ఇంజిన్ మళ్ళీ చేయించుకోవచ్చు, గేర్ బాక్సు మార్చుకోవచ్చు, ఛాసిస్‌కి అతుకులేసి బస్తాలు ఎత్తుకుని గట్టు మీద తిరగడం ప్రాణాలతో పని.

బోరింగ్ సంగతి తేల్చాలంటే పొద్దున్నే వెళ్ళండి, బండి స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే ఫోన్‌లో చెప్పండి. చల్లటి ఇంజిన్ మీద హీటర్ వేసి సెల్ఫ్ కొడితే ఎంతసేపటికి అందుకుంటాదో చూడాలి, ఆయిల్ మూత తీస్తే పొగ బుస్సుమని పైకి రాకూడదు. తర్వాత ఏదన్నా మెత్తటి మట్టి చూసుకుని ఫోర్ వీల్ వేయించి, లో వేయించి, ముందు చక్రాలు నిజంగా తిరుగుతున్నాయా లేదా పక్కన నిలబడి చూడాలి, రాడ్డు పడినంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. చాలా బండ్లకి ముందు చక్రాలకి బలం అందించే ప్రాపెల్లర్ షాఫ్ట్ తీసి పక్కన పడేసి ఉంటాది.

ఆదివారం నాకు ఖాళీయే, పొద్దున్న పంటు మీద నర్సాపురం వచ్చేస్తాను, అక్కడి నుంచి కలిసి తణుకు వెళ్దాం. సుత్తి, టార్చి లైటు నేను తెస్తాను. మీరు ఒక పాత దుప్పటి పట్టుకురండి, బండి కింద పడుకుని చూడాలి.