ఆస్టరిస్క్ ఊరికే పడిపోతోంది, ఫెయిల్‌టుబ్యాన్ పెట్టినా అంతే

మా ఆఫీసులో 40 ఐపీ ఫోన్లు. వాటి కాల్స్ నడిపే ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్, ఇంకా చాన్-సిప్ (సిప్ అనే కాల్ ప్రోటోకాల్ కోసం అందులో ఉన్న పాత మాడ్యూల్) మీదే నడుస్తోంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కోసం సిప్ వాడే 5060 పోర్టు బయటికి తెరిచి ఉంచాను. లాగ్‌లో ‘ఫ్రెండ్లీ-స్కానర్’ పేరుతో (సిప్ సర్వర్లని వెతికే టూల్ పెట్టుకునే పేరది) రిజిస్టర్, అంటే లాగిన్ రిక్వెస్టులు కుప్పలుగా వస్తుంటే, లాగ్ చూసి అలాంటి ఐపీలని బ్లాక్ చేసే ఫెయిల్‌టుబ్యాన్ పెట్టాను, అవి తగ్గాయి. కానీ నిన్న మధ్యాహ్నం ట్రాఫిక్ పెద్దగా లేదు, సీపీయూ ఖాళీగానే ఉంది, అయినా సర్వీస్ ఉన్నట్టుండి చచ్చిపోయింది. పైగా చూస్తే బ్యాన్ లిస్టులో మా ట్రంక్ ప్రొవైడర్ (బయటి కాల్స్‌కి లైను ఇచ్చే కంపెనీ) ఐపీనే ఉంది! ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు, ఒకటే టెన్షన్.

ప్యాకెట్_పురుగు:
ట్రాఫిక్ లేకుండా పడిందంటే అది వరద (ప్యాకెట్లు కుప్పలుగా పంపి ముంచే దాడి) కాదండీ, బగ్ అయ్యుండొచ్చు. తప్పుగా తయారుచేసిన హెడర్ ఉన్న ఒక్క ప్యాకెట్ చాలు, పార్సర్‌లో (వచ్చిన మెసేజీని చదివే కోడ్‌లో) లోపం ఉంటే మొత్తం ప్రాసెస్ కూలిపోతుంది. దానికి ఫెయిల్‌టుబ్యాన్ ఏం చేస్తుంది, లాగ్‌లో లైను పడేలోపే అంతా అయిపోతుంది కదా. ముందు కోర్ డంప్ (ప్రోగ్రాం కూలినప్పటి మెమరీ నకలు) ఉందేమో చూడండి. చాన్-సిప్‌ని ఆస్టరిస్క్ 21లో పూర్తిగా తీసేశారు, ఇక దాన్ని సరిచేసే నాథుడు లేడు. దాని బదులు వచ్చిన పీజేసిప్ మాడ్యూల్‌కి మారి, ప్యాచ్‌లు వచ్చినప్పుడల్లా వేసుకోండి.

రాత్రి_డ్యూటీ:
ప్రొవైడర్ బ్యాన్ సంగతి నాకూ జరిగింది. యూడీపీలో (ముందు కనెక్షన్ పెట్టుకోకుండానే ప్యాకెట్లు పంపే పద్ధతిలో) పంపినవాడి ఐపీని దొంగగా రాసేయొచ్చు, ఎవడో మీ ప్రొవైడర్ పేరుతో చెత్త పంపితే మీ కాపలాదారే మీ తలుపు మూసేస్తాడు. ఫెయిల్‌టుబ్యాన్ బ్లాక్ చేయకూడని ఇగ్నోర్-ఐపీ లిస్టులో ప్రొవైడర్ అడ్రసు పెట్టండి. బయటి ఫోన్లని టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్) 5061 పోర్టుకి మార్చండి, అందులో ముందు హ్యాండ్‌షేక్ కావాలి కాబట్టి దొంగ ఐపీతో పని జరగదు. వీపీఎన్ అయితే ఇంకా మేలు, అసలు పోర్టే బయటికి కనబడదు. ఇంకో మాట, యూడీపీలో ఇన్వైట్‌కి (కాల్ మొదలుపెట్టే రిక్వెస్టుకి) మీరు 401 (పాస్‌వర్డ్ అడిగే జవాబు) ఇచ్చాక అవతలినుంచి ఏసీకే (అందిందనే మెసేజీ) రాకపోతే సర్వర్ ఆ లావాదేవీని 32 సెకన్లు మోస్తూనే ఉంటుంది, సెకనుకు వేలల్లో వస్తే మెమరీ గోవిందా. ఆస్టరిస్క్‌కి ముందు కామైలియో (సిప్ ప్రాక్సీ సర్వర్) పెట్టి, ఒకే ఐపీ నుంచి మితిమీరి వచ్చేవాటిని అందులో పైక్ మాడ్యూల్‌తో వడకట్టండి.

గట్టు_మీద:
ఇవన్నీ లింకు ఖాళీగా ఉన్నంతవరకే. లైనే నిండిపోతే మీ పెట్టెలో ఏ రూలు రాసినా దండగ, పైవాళ్లే (ఇంటర్నెట్ లైను ఇచ్చేవాళ్లే) ఆపాలి. 2021 సెప్టెంబరులో వాయిప్ డాట్ ఎంఎస్ లాంటి ప్రొవైడరే అలాంటి వరద దాడితో రోజుల తరబడి ఇబ్బంది పడింది. రెండో ప్రొవైడర్‌తో ట్రంక్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

అడిగినవాడిని:
కోర్ డంప్ దొరికింది, సిప్ పార్సర్ దగ్గరే పడింది. పీజేసిప్ మొదలుపెట్టాను, బయటివాళ్లని వీపీఎన్‌లోకి తెచ్చాను. ఒకాయనకి మాత్రం అవతలి మాట వినబడట్లేదు.

రాత్రి_డ్యూటీ:
లోకల్-నెట్ సెట్టింగులో (లోపలి నెట్‌వర్కుల జాబితాలో) వీపీఎన్ సబ్‌నెట్, అంటే దాని ఐపీల శ్రేణి చేర్చారా? చేర్చకపోతే ఆడియో కోసం ఆయన ఫోన్‌కి మీ పబ్లిక్ ఐపీ వెళ్తుంది.