ట్రాట్, కాంటర్, గాలప్: మూడింటినీ ‘పరుగెత్తింది’ అంటే సరిపోతుందా?

ప్రశ్న

గుర్రాలు ఎక్కువగా కనిపించే ఒక ఆంగ్ల కథను తెలుగు చేస్తున్నాను. అందులో ఒకే పేరాలో గుర్రం మొదట వాక్ చేస్తుంది, గేటు దాటాక ట్రాట్ అందుకుంటుంది, బయలులోకి రాగానే కాంటర్‌లోకి మారుతుంది, చివరకు గాలప్ చేస్తూ కనుమరుగవుతుంది. దాన్ని పోగొట్టుకున్న మనిషి అదే దారిన ట్రడ్జ్ చేస్తూ తిరిగివస్తాడు. నా చిత్తుప్రతిలో గుర్రం నడిచింది, పరుగెత్తింది, ఇంకా వేగంగా పరుగెత్తింది, మరింత వేగంగా పరుగెత్తింది. మనిషి మెల్లగా నడిచాడు. చదువుకుంటే నాకే చప్పగా ఉంది. ఈ క్రియల మధ్య తేడా కేవలం వేగంలోనేనా? మనుషుల విషయంలో వాడే స్ట్రోల్, సాంటర్, స్ట్రైడ్, ప్లాడ్, ట్రడ్జ్ వంటివాటిని ఎలా వేరుచేయాలి?

జవాబు 1

తేడా ముఖ్యంగా డెక్కలు నేలను తాకే వరుసలో ఉంది. వేగం దాని వెనుక వచ్చేది. వాక్‌లో నాలుగు కాళ్ళూ ఒకదాని తరువాత ఒకటి పడతాయి కనుక నాలుగు చప్పుళ్ళు సమానమైన ఎడంతో వినిపిస్తాయి. ట్రాట్‌లో ఒక ముందు కాలూ దానికి ఎదురు పక్కనున్న వెనుక కాలూ జంటగా పడతాయి, ఆ వెంటనే రెండో జంట పడుతుంది. అంటే రెండే చప్పుళ్ళు. కాంటర్‌లో ముందుగా ఒక వెనుక కాలు, తరువాత ఎదురెదురు కాళ్ళ జంట ఒకటి, చివరగా మిగిలిన ముందు కాలు పడి, ఆపైన నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే ఒక క్షణం నిశ్శబ్దం వస్తుంది. గాలప్‌లో ఆ జంట కూడా విడిపోయి మళ్ళీ నాలుగు చప్పుళ్ళవుతాయి, అయితే అవి ఒకదానినొకటి తరుముకుంటున్నట్టుగా దగ్గర దగ్గరగా పడతాయి. బల్ల మీద వేళ్ళతో ఈ నాలుగింటినీ కొట్టి చూస్తే ఏ నిఘంటువూ చెప్పని తేడా చెవికి తెలుస్తుంది.

వేగాన్ని నమ్ముకోకూడదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ట్రాట్ చేస్తూనే బండి లాగే పందేలలో మేలైన గుర్రాలు గంటకు దాదాపు 48 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటాయి, అది చాలా గుర్రాల గాలప్‌తో సమానం. అయినా గుర్రం ఆ పందెంలో గాలప్‌లోకి మారితే దాన్ని తప్పుగా లెక్కిస్తారు. మామూలు ట్రాట్ గంటకు 13 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది.

స్వారీ నేర్చుకున్న రోజుల్లో ట్రాట్ మొదలైందంటే నా నడుము కుదేసినట్టయ్యేది. అందుకే రౌతు ఒక చప్పుడుకు జీను మీది నుంచి లేచి, మరో చప్పుడుకు కూర్చోవడం నేర్చుకుంటాడు. మొదటిసారి కాంటర్‌లోకి మారినప్పుడు ఆ కుదుపు ఒక్కసారిగా పోయి, ఎవరో ఊయల ఊపుతున్నట్టు ఒళ్ళంతా ముందుకూ వెనక్కూ సాగింది. మీ కథలో గుర్రం మీద మనిషి ఉంటే ఆ మార్పు అతని ఒంటికి ఎలా తెలిసిందో రాయండి. ‘వేగం పెరిగింది’ అనడం కన్నా అదే నిజానికి దగ్గరగా ఉంటుంది.

జవాబు 2

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ, భాష వైపు నుంచి కొంత చెబుతాను. ఆంగ్లం కదలిక తీరును క్రియలో పెట్టి, దిశను పక్కనున్న చిన్న మాటకు వదిలేస్తుంది. తెలుగు దిశను ప్రధాన క్రియలో పెట్టి, తీరును దాని ముందుండే అసమాపక క్రియకో (వాక్యాన్ని ముగించని క్రియ) ధ్వన్యనుకరణకో అప్పగిస్తుంది. ‘హీ లింప్‌డ్ ఇంటు ద రూమ్’ అన్నది మన నోట సహజంగా ‘కుంటుకుంటూ గదిలోకి వచ్చాడు’ అవుతుంది. అందువల్ల ప్రతి ఆంగ్ల క్రియకూ ఒంటి క్రియ కోసం వెతకడం వృథా శ్రమ. చకచకా, గబగబా, తూలుతూ, దేకుతూ వంటివి మనకు కావలసినన్ని ఉన్నాయి.

మనిషి నడక క్రియలలో వేగం కన్నా మనసు ఎక్కువగా పలుకుతుంది. స్ట్రోల్ అంటే పనేదీ లేకుండా హాయిగా తిరగడం; సాంటర్‌లో ఆ హాయికి కొంత నిర్లక్ష్యం తోడవుతుంది. స్ట్రైడ్ చేసేవాడు పెద్ద పెద్ద అంగలు వేస్తాడు, ఎక్కడికి వెళుతున్నాడో అతనికి తెలుసు. ప్లాడ్, ట్రడ్జ్ రెండింటిలోనూ అడుగు బరువుగానే పడుతుంది, కాని ప్లాడ్‌లో ఆగకుండా సాగే పట్టుదల ఉంటే ట్రడ్జ్‌లో అలసట, ఇష్టం లేకపోవడం ఉంటాయి. మీ కథలోని మనిషికి ‘కాళ్ళీడ్చుకుంటూ’ అన్నదే సరిపోతుందని నా అభిప్రాయం.

గుర్రానికీ మనిషికీ ఉమ్మడిగా ఉండే క్రియలను మరికాస్త జాగ్రత్తగా చూడాలి. హాబుల్ అంటే మనిషి నొప్పితో కుంటడం, గుర్రం పారిపోకుండా కాళ్ళు కలిపి కట్టడం కూడా. ఒకరి పనికి అడ్డుపడటం అనే అర్థం కూడా దానికి ఉంది. అక్కడ మన ‘ముందరికాళ్ళకు బంధం వేయడం’ అచ్చంగా సరిపోతుంది. అలాగే ఎవరైనా ‘ఎట్ ఎ కాంటర్’ గెలిచారంటే అవలీలగా గెలిచారని అర్థం, పరుగెత్తి గెలిచారని కాదు. కాంటర్ అనే మాట ఇంగ్లండ్‌లోని కాంటర్బరీ ఊరి పేరును కుదించగా వచ్చింది. 1170లో హత్యకు గురైన అక్కడి ఆర్చిబిషప్ థామస్ బెకెట్ సమాధిని దర్శించడానికి యాత్రికులు గుర్రాల మీద తొందరపడకుండా వెళ్ళిన పరుగుకు ఆ ఊరి పేరు పెట్టారు. ఆ నింపాది ఈ మాటలో ఇప్పటికీ ఉంది.

జవాబు 3

గాలప్‌ను వర్ణించేటప్పుడు గుర్రం నాలుగు కాళ్ళూ బారచాపి గాలిలో తేలిందని రాయకండి. చిత్రకారులు చాలాకాలం అలాగే గీశారు. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా అమర్చిన కెమెరాలతో తీసిన ఛాయాచిత్రాలలో, కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడే గుర్రం నేలను వదులుతుందని తేలింది.

గుర్రం నడకను లయగా వినడం మనకు కొత్త కాదు. మన ఛందస్సులో రగడ అనే లయప్రధానమైన పద్యరీతిలోని రకాలకు హయప్రచారం, తురగవల్గనం అనే పేర్లున్నాయి; హయం, తురగం అంటే గుర్రమే.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. బల్ల మీద వేళ్ళతో కొట్టి చూశాను. కాంటర్‌లోని ఆ మూడు దెబ్బలూ, తరువాతి ఖాళీ విన్నాక నా పాత వాక్యాలను ఉంచుకోలేకపోయాను. ఇలా మార్చాను: ‘గేటు వరకు అడుగులో అడుగు వేసిన గుర్రం, దారి మీదికి రాగానే టకటకమని చిన్న పరుగు అందుకుంది. బయలు కనబడేసరికి దాని ఒళ్ళు ఊయలలా ఊగింది. మూడు దరువులకొకసారి నేలను మరిచిపోతూ సాగి, చూస్తుండగానే దౌడు తీసి కనుమరుగైంది. అతను కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు.’

జవాబు 1

బాగుంది. ఒక్కటే సూచన: దౌడులో డెక్కల చప్పుడు కూడా మారుతుంది కనుక, ‘కనుమరుగైంది’ అన్న తరువాత ఆ చప్పుడు ఇంకా కాసేపు వినబడినట్టు రాయండి. ఆ చప్పుడు ఆగిపోయాకే అతను వెనక్కి తిరగాలి.