పాపకు ఎల్‌జీఎస్ అనే మొండి మూర్ఛ, రాత్రిళ్లు ఇంట్లో నిద్ర లేదు, ఇప్పుడు నాలుగో మందు అంటున్నారు. మీ ఇళ్లలో ఎలా నెట్టుకొస్తున్నారు?

ఉప్పల్ అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాపకు తొమ్మిదేళ్లు. లెనాక్స్ గాస్టాట్ సిండ్రోమ్, అదే ఎల్‌జీఎస్ అని తేల్చారు. వాల్‌ప్రోయేట్, క్లోబజామ్, టోపిరమేట్ అనే మూడు ఫిట్స్ మందులు నడుస్తున్నాయి. పగలు నిలబడ్డదల్లా ఉన్నట్టుండి కూలిపోతుంది. తెల్లవారుజామున ఒళ్లంతా బిగుసుకుపోయే ఫిట్స్ వస్తాయి. మావారిది గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్, కాబట్టి రాత్రంతా పాప పక్కన నేనే. మంచం కిర్రుమన్నా లేచి కూర్చుంటాను. బాబు ఏడో తరగతి, వాడి పుస్తకాలు తెరిచి చూసి ఎన్నాళ్లయిందో.

మొన్న డాక్టరు గారు ఇంకో మందు కలుపుదామన్నారు. పాప ఇప్పటికే స్కూల్లో సగం రోజు పడుకునే ఉంటోంది, నోట్లోంచి సొంగ ఆగడం లేదు. ఫిట్స్ తగ్గడం చూసుకోవాలా, పిల్ల కాస్త మెలకువగా నవ్వుతూ ఉండడం చూసుకోవాలా? డాక్టరు గారు "వారానికి ఎన్ని వస్తున్నాయి?" అంటారు, నేను లెక్క చెప్తాను, ఇంతలో తర్వాతి టోకెన్ వాళ్లను పిలుస్తారు. అత్తయ్యేమో ఊళ్లో ఎవరో ఇచ్చే మూలికల పొడి వాడదామంటున్నారు. ఇంట్లో రోజూ అదే గొడవ.

మల్కాజిగిరి నాన్న:
చెల్లెమ్మా, మా వాడికి డ్రావే సిండ్రోమ్, అదీ మొండి మూర్ఛే, పదహారేళ్లు. జబ్బు వేరే అయినా ఇంటి పరిస్థితి మీదే.

డాక్టర్లకు తెలిసినా మనకు విడమరిచి చెప్పని సంగతి ఒకటుంది. ఎల్‌జీఎస్‌లో గానీ డ్రావేలో గానీ మందులతో ఫిట్స్ పూర్తిగా ఆగిపోవడం అరుదు. అందుకని సున్నా కోసం మందు మీద మందు వేసుకుంటూ పోతే ఒక దశ దాటాక ఫిట్స్ అంతగా తగ్గవు, పిల్ల మాత్రం మొద్దుబారిపోతుంది. మీరు అడిగిన ప్రశ్న సరైనదే, దాన్ని మా ముందు కాదు, డాక్టరు ముందు పెట్టండి. ఎన్ని వస్తున్నాయన్నది ఒక్కటే చెప్పకండి. ఏ రకం ఫిట్ వల్ల ఇల్లు ఎక్కువ ఇబ్బంది పడుతోందో చెప్పండి. కళ్లు ఒక క్షణం నిలబడిపోయే ఫిట్స్ రోజుకు ఇరవై వచ్చినా తట్టుకోవచ్చు. గడపకు తల కొట్టుకుని పడేది, రాత్రి బిగుసుకుపోయేది, ఆగకుండా సాగేది, ఈ మూడే అసలు ప్రమాదం. "డాక్టర్ గారూ, ముందు పడిపోవడాన్ని తగ్గించండి, కళ్లు నిలబెట్టేవి ఉన్నా పరవాలేదు" అని నోరు విప్పి చెప్పొచ్చు.

నాలుగో మందు వద్దని మొండికేయాల్సిన పని లేదు. "ఇది కలిపితే ఉన్నవాటిలో దేన్ని తగ్గిస్తారు? ఎన్నాళ్లు చూసి పని చేయట్లేదని ఆపేస్తారు?" అని అడగండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు చిరాకు పడరు. పడిపోవడం ఎక్కువగా ఉన్నవాళ్లకు మెదడు రెండు సగాలను కలిపే భాగాన్ని కోసే కార్పస్ కలోసోటమీ అనే ఆపరేషన్, మెడలోని నరానికి కరెంటు పంపే వీఎన్ఎస్ అనే పరికరం, కొవ్వు ఎక్కువగా, అన్నం లాంటివి బాగా తక్కువగా పెట్టే కీటో డైట్ కూడా దారులే. అవి మీ పాపకు పనికొస్తాయో లేదో ఎపిలెప్సీ మీద పని చేసే పీడియాట్రిక్ న్యూరాలజిస్ట్ దగ్గర ఒకసారి రెండో అభిప్రాయం తీసుకోండి. వెళ్లేటప్పుడు వీడియోలు పట్టుకెళ్లండి. దుప్పటి తీసేసి, ముఖం, రెండు చేతులు కనబడేలా తీయాలి. తీస్తూనే పాపను పేరు పెట్టి పిలుస్తుండండి, పలుకుతుందో లేదో అందులో తెలుస్తుంది. మనం గంటసేపు వర్ణించినా రానిది ఆ ఒక్క నిమిషం వీడియోలో కనబడుతుంది.

ఇక నిద్ర. రాత్రి ఫిట్స్ వచ్చే పిల్లల పక్కన గమనించే మనిషి ఉండాల్సిందే, నిద్రలో ప్రాణాపాయం ఉంటుంది కాబట్టి అందులో బేరం లేదు. కానీ రోజూ ఆ మనిషి మీరే కానక్కర్లేదు. మీ వారి వీక్లీ ఆఫ్ రాత్రి కాపలా ఆయనది. ఆ రాత్రి మీరు వేరే గదిలో, తలుపు వేసుకుని, ఫోన్ బయట పెట్టి పడుకోండి. అదే గదిలో ఉండి "నేను పడుకుంటా, మీరు చూడండి" అంటే నిద్ర పట్టదు, నా భార్య అనుభవం అది. మిగతా రోజుల్లో మధ్యాహ్నం అత్తయ్య పాప దగ్గర కూర్చునే రెండు గంటలూ మీరు గిన్నెల జోలికి వెళ్లకండి.

ఎల్‌బీ నగర్ పాఠకుడు:
ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టండి, వెంటనే ఆగుతుంది. మా ఇంట్లో చూశాను.

తార్నాక నర్సు:
అన్నా, చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. మనం తాళాలు వెతికి తెచ్చేసరికి ఆగుతుంది, పేరు తాళాలకు వస్తుంది. ఇనుము, ఉల్లిపాయ, చెప్పు, ఏదీ అక్కర్లేదు. నోట్లో చెంచా అస్సలు పెట్టొద్దు, పళ్లు విరుగుతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి తెలివి రాకుండా వస్తున్నా ఎమర్జెన్సీ.

ఉప్పల్ అక్కా, మీ దగ్గర ఆగని ఫిట్‌ను ఆపే మిడజోలాం ముక్కు స్ప్రే ఉందా? లేకపోతే ఈసారి తప్పకుండా రాయించుకోండి. పిల్ల బరువును బట్టి ఎన్ని పఫ్‌లో, ఏ నిమిషానికి కొట్టాలో, ఆగకపోతే ఏం చేయాలో ఒక కాగితం మీద డాక్టరు చేతే రాయించి ఫ్రిజ్ మీద అంటించండి. ఒక కాపీ స్కూల్ బ్యాగులో వేయండి. బరువు పెరిగితే డోసు మారుతుంది, అది అడగడం అందరూ మర్చిపోతారు. స్ప్రే కొట్టాక కూడా ఆగకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా 108.

మీరు చెప్పిన మగత గురించి ఒక మాట. సొంగ, నిద్ర క్లోబజామ్ వల్ల కావచ్చు. అయితే వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ కలిపి వాడే పిల్లల్లో కొందరికి రక్తంలో అమ్మోనియా పెరిగి కూడా మత్తుగా ఉంటారు. "అమ్మోనియా ఒకసారి చూద్దామా?" అని అడగండి. నాలుగో మందు నిర్ణయం కంటే ముందు ఇది తేలాలి. వాంతులు కూడా ఉంటే, లేపినా సరిగా లేవకపోతే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. మీ అంతట మీరు మాత్రం ఏ మాత్రా ఆపకండి. క్లోబజామ్ ఒక్కసారిగా మానేస్తే ఆగని ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఆదివారం మెడికల్ షాపులో దొరకలేదని రెండు డోసులు వదిలేసి క్యాజువాలిటీకి వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం. పది రోజుల మందు ఎప్పుడూ ఇంట్లో మిగులుండాలి.

ఉప్పల్ అమ్మ:
నర్సు గారూ, అమ్మోనియా సంగతి నాకెవరూ చెప్పలేదు, రాసుకున్నాను. స్ప్రే ఉంది కానీ ఆరేళ్లప్పుడు రాసిన డోసే. పొడి గురించి అత్తయ్యకు ఏం చెప్పాలి? ఇంకోటి, ఏప్రిల్ వస్తే పాప ఒళ్లు కాలిపోతుంది, జ్వరం మందు వేసినా దిగదు. అదెందుకు?

తార్నాక నర్సు:
టోపిరమేట్ వాడే పిల్లల్లో కొందరికి చెమట సరిగా పట్టదు. మన హైదరాబాద్ ఎండల్లో ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు. అది జ్వరం కాదు కాబట్టి పారాసిటమాల్‌తో దిగదు. తడి గుడ్డతో తుడవడం, నీళ్లు బాగా పట్టించడం, మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లకపోవడం, అంతే. ఎండాకాలం రాకముందే డాక్టరుకు చెప్పండి. ఆ మందుతో కిడ్నీలో రాళ్లు కూడా రావచ్చు కాబట్టి నీళ్లు ఎలాగూ అవసరమే.

పొడి విషయంలో అత్తయ్యతో వాదించొద్దు. మూలికా మందుల పేరుతో అమ్మినవాటిలో ఫినోబార్బిటోన్ లాంటి ఇంగ్లిష్ మందులే కలిపినట్టు గతంలో బయటపడింది. ఎంత మోతాదో తెలియని మందు, పైగా ఉన్న మూడింటి మీద. "లోపల ఏముందో చీటీ మీద రాసిస్తే డాక్టరుకు చూపించి వేద్దాం అత్తయ్యా" అనండి. రాసివ్వరు. తాయెత్తు కడతానంటే కట్టనివ్వండి, దానికి సైడ్ ఎఫెక్ట్ లేదు.

బోయిన్‌పల్లి స్పెషల్ టీచర్:
కాగితాల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఇంటి మీద డబ్బు భారం కొంచెం తగ్గితే తప్ప నిద్రా పట్టదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో మూర్ఛ పేరు విడిగా లేదు. అందుకే "ఫిట్స్ ఉన్నాయి" అని వెళ్తే తిప్పి పంపుతారు. ఎల్‌జీఎస్ పిల్లల్లో చాలామందికి మేధో వైకల్యం ఉంటుంది, దాని కింద దరఖాస్తు చేయాలి. మీసేవలో స్లాట్ ఎలా ఇస్తున్నారో కనుక్కుని యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే చాలా దారులు తెరుచుకుంటాయి. దివ్యాంగుల పింఛనును మన రాష్ట్రంలో 2023లో 4,016 రూపాయలకు పెంచారు, దానికి ఆదాయ పరిమితి ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది, ఓపీ, థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. మామూలు కంపెనీలు మన పిల్లలను చేర్చుకోవడానికి వెనకాడతాయి కాబట్టి దీన్ని వదులుకోవద్దు. మీ వారు పాత పన్ను విధానంలో ఉంటే మన మీద ఆధారపడిన దివ్యాంగుల ఖర్చు కింద (1961 పన్ను చట్టంలో ఇది 80డీడీ) ఆదాయంలో 75,000 మినహాయింపు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000.

బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పని చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. పాత పేరు ఎన్ఐఎంహెచ్, ఆటోవాళ్లకు ఆ పేరే తెలుసు. ఐక్యూ పరీక్ష, స్పెషల్ ఎడ్యుకేషన్, ఫిజియో, స్పీచ్ అన్నీ ఒకేచోట. స్కూలు మానిపించమని ఎవరైనా ఒత్తిడి చేస్తే లొంగకండి, ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య ఈ పిల్లల హక్కు. కానీ టీచరుకు భయం ఉంటుంది, అది పోగొట్టాల్సింది మనమే. ఒకరోజు వెళ్లి పాప ఫిట్ వీడియో చూపించి, ఏం చేయాలో, ఏం చేయొద్దో చెప్పి రండి. తలకు మెత్తటి హెల్మెట్ పెట్టండి, ముఖం ముందుకు పడే పిల్లలకు గడ్డం దగ్గర కూడా రక్షణ ఉన్నది కొనాలి. మొదట్లో పిల్లలు వింతగా చూస్తారు, వారం తర్వాత ఎవరూ పట్టించుకోరు.

మల్కాజిగిరి నాన్న:
టీచర్ గారు ఇంటి సంగతి వదిలేశారు. బాత్రూమ్ గడియ తీసేయండి, స్నానం పీట మీద కూర్చోబెట్టి చెంబుతో. మంచం అమ్మేసి నేల మీద పరుపు వేసుకున్నాం, మాకు సగం టెన్షన్ అక్కడే తగ్గింది. బోర్లా పడుకోనివ్వకండి, మెత్తటి దిండ్లు వద్దు. ఫిట్స్ పట్టేస్తాయని చెప్పే వాచీల మీద డబ్బు పెట్టే ముందు ఆలోచించండి. అవి చేతులు బాగా కొట్టుకునే ఫిట్‌నే పట్టుకుంటాయి. నిశ్శబ్దంగా బిగుసుకుపోయేదాన్ని వదిలేసే అవకాశం ఎక్కువ.

మీ బాబు గురించి ఎవరూ మాట్లాడలేదు. అలాంటి ఇంట్లో రెండో పిల్లవాడు ఏమీ అడగడు, అదే ప్రమాదం. వాడికి స్ప్రే కొట్టడం నేర్పించండి కానీ కాపలా డ్యూటీ వేయకండి. వారానికి ఒక సాయంత్రం వాళ్ల నాన్న వాడొక్కడినే తీసుకుని బయటికి వెళ్లాలి, అది డాక్టరు అపాయింట్‌మెంట్ అంత ఖాయంగా ఉండాలి. మీకు గుండె దడ, ఏడుపు, చనిపోతే బాగుండన్న ఆలోచన ఏదున్నా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైను అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నా భార్య మాట్లాడింది, అందుకే చెప్తున్నా.

ఉప్పల్ అమ్మ:
అన్నయ్యా, మీ మెసేజ్ మావారికి చదివి వినిపించాను. ఈ ఆఫ్ నుంచే మొదలుపెడదామన్నారు. కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకున్నాను: పడిపోవడం ముందు తగ్గించాలి, అమ్మోనియా, స్ప్రే డోసు. ఇంకొక్కటి. వచ్చే నెల వరంగల్‌లో ఆడబిడ్డ కూతురి పెళ్లి. పాపను తీసుకెళ్లొచ్చా, లేక నేను ఉండిపోవాలా? అందరూ నన్నే ఉండిపొమ్మంటున్నారు.

తార్నాక నర్సు:
వెళ్లండి అక్కా, పాపతోనే. మందులు, స్ప్రే, ప్రిస్క్రిప్షన్ ఫోటో మీ చేతి బ్యాగులో పెట్టుకోండి, డిక్కీలో సూట్‌కేసులో కాదు. రాత్రి ముహూర్తమైతే పాప మామూలు టైముకు మందు వేసుకుని పడుకోవాలి, నిద్ర తప్పితే మర్నాడు ఫిట్స్ పెరుగుతాయి. ఫంక్షన్ హాల్లో డీజే బాక్సులకు దూరంగా ఒక గది కావాలని ఆడబిడ్డ గారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, పెళ్లిరోజు అడిగితే గదులన్నీ మగపెళ్లివాళ్లకు పోయి ఉంటాయి.